ఖరాబు కాని మోటార్ల దుకాణం

మా గల్లీ వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే ఒక ఫోటో వచ్చింది. చుట్టూ బంతిపూల దండ, కింద రెండు దీపాలు, "మామ ఇక లేరు" అని పెద్ద అక్షరాలు. తెల్ల చొక్కా, పల్చటి మీసం, నవ్వు ఆపుకుంటున్న మొహం. నిజానికి ఇద్దరు కలిసి దిగిన ఫోటో అది. రెండో మనిషిని ఎవరో కత్తిరించేశారు గానీ, మామ భుజం మీద ఆ మనిషి చెయ్యి మాత్రం అట్లాగే ఉండిపోయింది. మణికట్టుకు దుబాయ్ నుంచి తెచ్చుకున్న బంగారు రంగు గడియారం. ఆ చెయ్యి ఎవరిదో గ్రూపులో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలుసు. వరసగా దండాల బొమ్మలు పెట్టుకుంటూ పోయారు. నేను హైదరాబాద్ మెట్రోలో నిలబడి ఆ చెయ్యిని చూసి నవ్వాను. ఏడుపు తర్వాత, స్టేషన్ దిగాక వచ్చింది.

ఆయన పేరు రాయను. ఆర్మూర్‌లో మా గల్లీలో ఆయన్ని ఎవరూ పేరుతో పిలిచింది లేదు. పెద్దవాళ్లకూ మామే, పిల్లలకూ మామే, ఆయన కన్నా చాలా పెద్దదైన మా నానమ్మకు కూడా మామే. అదే ఇంట్లో ఉండే ఇంకో మనిషిని వైండింగ్ మామ అనేవాళ్లం. ఇంటి ముందరి గదిలోనే ఆయనకు మోటార్ వైండింగ్ దుకాణం ఉండేది. బోరు మోటార్లు, స్టార్టర్లు, మిక్సీలు, ఫ్యాన్లు, ఏది కాలిపోయినా చుట్టుపక్కల ఊళ్ల నుంచి అక్కడికే తెచ్చేవాళ్లు. నేను పుట్టేసరికే వాళ్లిద్దరూ ఆ ఇంట్లో ఉన్నారు. వాళ్లు ఒకరికొకరు ఏమవుతారని అడిగితే మా అమ్మ "దోస్తులు" అనేది. దోస్తులన్న మాట మా దిక్కు చాలా పెద్ద గొడుగు. దాని కింద ఇద్దరు మగవాళ్లు ఎన్నేళ్లు నిలబడినా ఎవరికీ ఇబ్బంది లేదు. "మంచిగున్నరు ఇద్దరు. కొట్లాట లేదు, లొల్లి లేదు" అని మా అమ్మ మెచ్చుకునేది కూడా, అదీ మా నాన్నకు వినపడేట్టుగా.

కొట్లాట లేకపోవడమేమిటి, రోజూ ఉండేది. మామకు ఫ్యాను ఫుల్లుగా తిరగాలి. వైండింగ్ మామకు గాలి పడదు. పైగా ఊరందరి ఫ్యాన్లు బాగుచేసే ఆ మనిషి సొంత ఇంట్లో ఫ్యాను కిర్రుకిర్రుమనేది. "జర దీన్ని సూడవయ్యా" అని మామ, "రేపు సూస్త" అని ఆయన. ఆ రేపు నాకు తెలిసి రాలేదు.

మామ పని పసుపు పాలిష్. పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టాక కొమ్ముల మీద మాసిన పొట్టు మిగులుతుంది. ఇనుప డ్రమ్ములో పోసి తిప్పితే కొమ్ములు ఒకదానికొకటి రాసుకుని ఆ పొట్టు రాలిపోతుంది. ఇప్పుడంటే మిషన్లు వచ్చాయి. అప్పుడు డ్రమ్ముకు ఈ చివర ఒక పిడి, ఆ చివర ఒక పిడి. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి తిప్పాలి. వైండింగ్ మామ మొదట్లో ఆ రెండో పిడి పట్టిన మనిషే, దుకాణం పెట్టాక కూడా పసుపు కాలంలో ఆ పిడి వదల్లేదు. "పొద్దుగాల్నుంచి మాపటిదాక ఒక్క మొఖమే సూడాలె అల్లుడా. నచ్చకుంటే మొదటి దినమే పారిపోతం" అని మామ నాతో అనేవాడు. నన్నొక్కణ్ణే కాదు, గల్లీలో మగపిల్లలందరినీ అల్లుడా అనే పిలిచేవాడు. ఆయనకు బిడ్డల్లేరు కాబట్టి మాలో ఎవరికీ అందులో ఫికర్ లేదు.

ఆ పనికి మామ తెల్ల చొక్కా వేసుకుని పోయేవాడు. మధ్యాహ్నానికి అది చొక్కానో పసుపు ముద్దనో తెలిసేది కాదు. రంగు చొక్కా వేసుకోరాదా అని మా నాన్న ఒకసారి అడిగితే, "రంగు చొక్క మీద పసుపు కనవడది. కనవడకుంటే మనం గీడున్నట్టు ఎవలికి తెలుస్తది" అన్నాడు. గోళ్లు మాత్రం వానాకాలంలో కూడా పచ్చగానే ఉండేవి. ఆ చేతులతో ఆయన కలిపిన చాయ్ నేను బోలెడంత తాగాను. ఏమీ కాలేదు.

ఊళ్లలో పనికి పోయిన ప్రతి చోటా ఆడవాళ్లు ఒకటే ప్రశ్న వేసేవాళ్లు, లగ్గం ఎప్పుడు చేసుకుంటావని. ఒకసారి మాక్లూర్ దగ్గర ఒక పొలంలో నేనూ పక్కనే ఉన్నాను. కొమ్ములు ఏరుతున్న ఒక పెద్దావిడ చేట పక్కన పెట్టి మరీ అడిగింది. మామ డ్రమ్ము ఆపకుండానే, "అయింది గదా చిన్నమ్మా. నువ్వు రాలేదా? పప్పు మస్తు కుదిరింది" అన్నాడు. ఆడవాళ్లందరూ విరగబడి నవ్వారు. అవతలి పిడి దగ్గర వైండింగ్ మామ తల వంచుకుని ఇంకాస్త గట్టిగా తిప్పాడు. ఆయన చెవులు ఎర్రబడటం నేను చూశాను. మామ ఎప్పుడూ అంతే, నిజం చెప్పి జనాన్ని నవ్వించి పని చూసుకునేవాడు.

నవ్వు పని చేయని చోటు ఒక్కటే ఉండేది, ఏర్గట్లలో ఆయన సొంత ఇల్లు. వయసులో ఉన్నప్పుడు ఇంట్లో సంబంధం ఖాయం చేస్తే, మామ అందరి ముందు "నేను ఆయనతోనే ఉంట. ఇంకో మనిషి బతుకు ఖరాబు చెయ్య" అని చెప్పేశాడట. ఆయన అన్న కోపంతో, "అట్లయితే మల్ల గీ గడప తొక్కకు" అన్నాడు. అన్నవాడు ఎంత గట్టిగా అన్నాడో తెలియదు గానీ విన్నవాడు గట్టిగా విన్నాడు. ఆ తర్వాత మామ ఆ గడప తొక్కలేదు. పొరుగింటి పసుపు పాలిష్ చేయడానికి మాత్రం ప్రతి ఏడూ పోయేవాడు. మధ్యలో గోడ. ఆయన తల్లి, మా దిక్కు తల్లిని అవ్వ అంటాం, ఆ గోడకు అటువైపు పీట వేసుకుని ఎక్కి, సర్వపిండి ముక్కలు గుడ్డలో కట్టి ఇటువైపు అందించేది. కొడుకు గోడకు ఆనుకుని తినేవాడు. తండ్రి పోయినప్పుడు కూడా వాకిలి బయటే నిలబడి, పాడె వీధిలోకి వచ్చాక భుజం పట్టాడు. అవ్వ బతికుండగా ఒక్కసారి ఆ ఇంట్లో కూర్చుని అన్నం తినాలని ఆయనకు చాలా ఉండేది. అది తప్ప జీవితంలో ఆయనకు పెద్ద కోరికలేమీ నేను చూడలేదు.

"ఓసారి పోయి కూసో మామా, ఎవలేమంటరు" అని నేనంటే, "అన్న వద్దన్నడు, అన్ననే రమ్మనాలె అల్లుడా" అనేవాడు. పౌరుషం కాదు అది. పిలవని ఇంట్లోకి పోతే అవ్వ ముందు మళ్లీ లొల్లి అవుతుందని ఆయన భయం.

మధ్యలో వైండింగ్ మామ కొన్నేళ్లు దుబాయ్ పోయాడు. మా దిక్కు పోనిదెవరు. దుకాణం మూసేసి, డ్రమ్ముకు ఇంకో మనిషిని పెట్టుకుని మామ ఒక్కడే ఉన్నాడు. ఇక ఆయన తిరిగి రాడని, వచ్చినా పెళ్లి చేసుకుని వేరే ఉంటాడని గల్లీలో తీర్పు చెప్పేశారు. శుక్రవారం అక్కడ సెలవు కాబట్టి ఫోన్ ఆ రోజే వచ్చేది, బస్టాండు దగ్గరి ఎస్టీడీ బూత్‌కి. మామ పొద్దున్నే తలకు స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, బూత్ ముందు బల్ల మీద కూర్చునేవాడు. అద్దాల తలుపు వేసుకున్నా ఆయన గొంతు బస్టాండు దాకా వినిపించేది.

"తిన్నవా? ఏం కూర? బెండకాయనా? ఎవలు వండిండ్రు? ఉప్పు సరిపోయిందా? నేనా, నేను పచ్చిపులుసు చేసిన. ఎండు చేప కాల్చిన. ఆఁ. మల్ల రాత్రికేం జేస్తవ్?"

అంతే. వారం వారం కూరలే. బూత్ నడిపే అతను నాతో ఒకసారి, "గింత దూరం ఫోన్ జేసుకుని గా ముచ్చట్లేందన్నా. ఇంట్ల అందరు మంచిగున్నరా అని గూడ అడగడు" అని విసుక్కున్నాడు. ఆ కూరల్లో ఏముందో నాకూ చాలా కాలం అర్థం కాలేదు. ఇప్పుడు నేనూ ఒక మనిషిని ఇష్టపడి చూశాక తెలిసింది, ప్రేమించిన మనిషి గురించి రోజూ తెలుసుకోవాల్సింది పెద్దగా ఏమీ ఉండదు, తిన్నాడా లేదా అన్నదే ఉంటుంది. వైండింగ్ మామ తిరిగొచ్చాడు. పెళ్లి చేసుకోలేదు. గడియారం తెచ్చుకున్నాడు, మామకు ఒక పెద్ద ప్రెషర్ కుక్కర్ తెచ్చాడు.

ఇక ఆ దుకాణం సంగతి చెప్పాలి. అంగడి నాడు, అంటే వారం సంత రోజున, దుకాణానికి సెలవు. అయినా ఆ రోజే అక్కడికి ఎక్కువ మంది వచ్చేవాళ్లు. భీమ్‌గల్ బస్సు కండక్టర్ ఒకాయన సంచిలో స్టార్టర్ పెట్టుకుని వచ్చేవాడు. మాక్లూర్ నుంచి ఒక బడి సారు స్కూటర్ మీద చిన్న మోటార్ తెచ్చేవాడు. మొహమాటస్తులు టేబుల్ ఫ్యాన్ తెచ్చేవాళ్లు. తేవడం, బల్ల మీద పెట్టడం, వైండింగ్ మామ రెండు స్క్రూలు విప్పి పక్కన పెట్టడం. ఎవరైనా కొత్తవాళ్లు లోపలికి వస్తే పని జరుగుతున్నట్టు ఉండాలి కదా. ఆ తర్వాత తలుపు దగ్గరగా వేసి వాళ్లు చాయ్ తాగేవాళ్లు, మామ వండింది తినేవాళ్లు, ఒకరినొకరు అక్కా, వదినా అని ఏడిపించుకునేవాళ్లు. కండక్టర్ గాజులు వేసుకుని చేతులు తిప్పుకుంటూ డ్రైవర్‌ని అనుకరించేవాడు. సాయంత్రానికి స్క్రూలు బిగించి ఎవరి మోటార్ వాళ్లు తీసుకుని పోయేవాళ్లు. కండక్టర్ తెచ్చిన ఆ స్టార్టర్ కొన్నేళ్లపాటు అంగడికి వచ్చి పోయింది. అది ఒక్కరోజు కూడా కాలిపోలేదు.

ఒకసారి మాక్లూర్ సారు భార్య అంగడికి వచ్చి, దారిలో దుకాణం ముందు ఆగింది. లోపల వైండింగ్ మామ గబగబా స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. ఆమె అరుగు మీద కూర్చుని మంచినీళ్లు అడిగి తాగింది. "మా మోటరు బాగయ్యేటట్టు ఉన్నదా మామా" అని అడిగింది. "కష్టమే అమ్మా" అన్నాడు మామ. ఆమె కాసేపు గ్లాసు చేతిలో తిప్పింది. "గట్లనే ఉండనీ. గీడికి వచ్చిన నాడు ఇంట్ల జర మంచిగ మాట్లాడుతడు" అని గ్లాసు కింద పెట్టి కూరగాయల సంచి తీసుకుని పోయింది. మామ ఆ రోజు మళ్లీ నవ్వలేదు. సాయంత్రం సారును పక్కకు పిలిచి, "ఆమెకు నువ్వే చెప్పు. తెల్వదనుకోకు. గామె నీకంటె తెలివిగల్లది" అన్నాడు. సారు చెప్పాడో లేదో నాకు తెలియదు.

నా సంగతి నాకు అర్థమై, ఎవరికి చెప్పాలో అర్థం కాని రోజుల్లో నేను డిగ్రీ చదువుతున్నాను. అంగడి నాడు ఎదురుగా ఉన్న మామ ఇంటికి ఎవరెవరు వస్తారో మా డాబా మీద నుంచి చూసీ చూసీ, ఒకరోజు మా అమ్మ మిక్సీ చంకలో పెట్టుకుని పోయాను. దానికి ఏ రోగమూ లేదు. మామ దాన్ని బల్ల మీద పెట్టి ప్లగ్గులో పెట్టాడు. బుర్రుమని తిరిగింది. లోపల కూర్చున్న నలుగురూ నా వైపు చూస్తున్నారు.

"మంచిగనే నడుస్తుంది గదా" అన్నాడు మామ.

"అప్పుడప్పుడు ఆగుతది మామా" అన్నాను.

మామ మిక్సీని చూశాడు, నన్ను చూశాడు. ఆయన మొహంలో ఎప్పుడూ ఉండే ఆ నవ్వు పోయి, మా అమ్మ జ్వరం చూసేటప్పుడు పెట్టే మొహం వచ్చింది. "కూసో అల్లుడా" అన్నాడు. కండక్టర్ జరిగి చోటిచ్చాడు. మామ చాయ్ తెచ్చి చేతిలో పెట్టి, "మిక్సీ ఖరాబు కాలే. నువ్వు గూడ ఖరాబు కాలే. వచ్చే అంగడికి ఉత్త చేతులతోని రా. మీ అమ్మకు పచ్చడి నూరుకోవద్దా" అన్నాడు. నేను ఏడ్చాను. ఎవరూ ఓదార్చలేదు, ఎవరూ బయటికి పొమ్మనలేదు, మాక్లూర్ సారు ఇంకో బిస్కెట్ పెట్టాడు. ఆ తర్వాత కూడా కొన్ని వారాలు నేను మిక్సీ తీసుకునే పోయాను. ఉత్త చేతులతో పోయే ధైర్యం రావడానికి టైం పట్టింది. "గా మిక్సీకి ఏం రోగమొచ్చిందిరా" అని మా అమ్మ మామనే నిలదీసింది. మామ, "చిన్న రోగమే అక్కా, తగ్గుతున్నది" అన్నాడు.

అందుకే హైదరాబాద్‌లో మాలాంటివాళ్ల మీటింగ్‌లో ఒకతను మైకు పట్టుకుని, మన చరిత్ర ఢిల్లీలోనూ ముంబైలోనూ మొదలైంది, చిన్న ఊళ్లలో మనవాళ్లకు ఒకరికొకరు తెలిసే వీలే లేదు అంటుంటే నాకు ఒళ్లు మండింది. లేచి మోటార్ల సంగతి చెప్పాను. కొందరు నవ్వారు, కొందరు నమ్మలేదు. సరే అని మరుసటి ఏడు మామనూ వైండింగ్ మామనూ మావాళ్లు తీసే ఊరేగింపుకు తీసుకొచ్చాను. రంగుల జెండాలు, డప్పులు, మెరుపుల బట్టలు. మామ అదే ఇస్త్రీ తెల్ల చొక్కాలో రోడ్డు పక్కన నిలబడి అంత మందిని చూశాడు. కళ్లు తడయ్యాయి. కాసేపటికి నా చెయ్యి పట్టుకుని, "గింత మందికి అన్నం ఎవలు వండుతున్నరు" అని అడిగాడు. ఎవరూ వండటం లేదని, ఎవరికి వాళ్లే తింటారని చెప్పాను. అది ఆయనకు నచ్చలేదు. దార్లో కనిపించిన పిల్లలందరినీ ఆపి తిన్నారా అని అడుగుతూ నడిచాడు.

మామ పోయిన కబురు తెలిసి నేను ఊరికి పోయినప్పుడు వైండింగ్ మామ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆయన మొదటి నుంచీ తక్కువ మాట్లాడే మనిషి. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "ఏర్గట్ల లగ్గం ముచ్చట చెప్పురా" అన్నాడు. ఆయనా అక్కడే ఉన్నాడు, అంతా చూశాడు. అయినా ఇంకొకరి నోటితో వినాలనిపించినట్టుంది. చెప్పాను.

రెండేళ్ల కింద ఎండాకాలంలో మామ అన్న కొడుకు పెళ్లి. ఆ పిల్లవాడు తనే ఆర్మూర్ వచ్చి కార్డు ఇచ్చాడు. "చిన్నబాపూ, నువ్వు రాకుంటే నేను పీటల మీద కూసోను" అన్నాడు.

"మీ నాయిన రమ్మన్నడా?"

"అనలే. వద్దని గూడ అనలే."

మామకు ఆ మాత్రం చాలింది. ముగ్గురం పోయాం. పెళ్లి ఇంటి ముందు టెంటు వేశారు. మామ టెంటు కింద ప్లాస్టిక్ కుర్చీలో, గడపకు ఎదురుగా కూర్చున్నాడు. వచ్చే పోయే వాళ్లను పలకరించాడు, పిల్లలను ఏడిపించాడు, అన్నీ అక్కడి నుంచే. భోజనాల దగ్గర అన్న కూర బకెట్ పట్టుకుని వడ్డిస్తూ వచ్చాడు. మామ ఆకులో రెండు గరిటెలు ఎక్కువే వేశాడు గానీ మొహం చూడలేదు. మామ కూడా వద్దనలేదు, మొత్తం తిన్నాడు.

పెళ్లి మరునాడు ఆడబిడ్డలకు ఒడిబియ్యం పోశారు. అప్పుడూ మేం టెంటు కిందే ఉన్నాం. మా దిక్కు పెళ్లి ఇంట్లో అది తప్పదు. అత్తగారిళ్లకు ఇచ్చిన బిడ్డల్ని పీట మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పోకలు వాళ్ల కొంగులో పోస్తారు. పుట్టింటి చెయ్యి నీ మీద ఉందని చెప్పడం. మామ చెల్లెళ్లిద్దరికీ పోయడం అయింది. మామ తల్లి, ఆ ఇంటి అవ్వ, బాగా వంగిపోయిన మనిషి, గోడకు ఆనుకుని అంతా చూస్తోంది. ఎవరో పీట తీయబోతే, "తియ్యకుర్రి. ఇంకొకలున్నరు" అంది.

ఎవరని అడిగారు. అవ్వ టెంటు వైపు చెయ్యి చూపించింది. "గాడ కూసున్నడు. పిలువుర్రి."

మామ లేచి వచ్చాడు. గడప దాకా వచ్చి అక్కడ ఆగిపోయాడు. "మొగోనికి ఒడి యాడిదవ్వా" అని వెనక నుంచి ఒక ఆడమనిషి అంది.

"భుజం మీద కండువ లేదా? గది పట్టుమను" అంది అవ్వ. "ఈ ఇంట్ల పుట్టి ఇంకో ఇంటికి పోయిండా లేదా? పోయినోళ్లకు పోస్తం గదా."

అన్న స్తంభం దగ్గర నిలబడి ఉన్నాడు. "నల్గురు నవ్వుతరే అవ్వా" అన్నాడు మెల్లగా.

"నవ్వనీ. లగ్గమిల్లు గదా, నవ్వకుంటే ఏడుస్తరా."

మామ గడప బయటే ఉన్నాడు. అవ్వ లోపలికి రమ్మంటోంది. ఆయన కదలలేదు. "అన్న చెప్పాలె అవ్వా" అన్నాడు. ఆ మాట అంటుంటే ఆయన గొంతు చిన్నపిల్లాడి గొంతు అయింది. నా పక్కన వైండింగ్ మామ కుర్చీ వీపును రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. అన్న తలెత్తలేదు. "రమ్మను" అన్నాడు తల్లితో.

"నాకెందుకు చెప్తవ్. వానికి చెప్పు."

అన్న స్తంభం వదిలి తమ్ముడి వైపు తిరిగాడు. "రా. బియ్యం ఆరిపోతున్నయ్" అన్నాడు.

మామ గడప దాటాడు. పీట మీద కూర్చుని భుజం మీది కండువా తీసి, చివరలు రెండు చేతులా పట్టుకుని ఒడిలో పరిచాడు. వదిన బొట్టు పెట్టింది. అవ్వ దోసిలి నింపి పోసింది. తర్వాత అన్న వంతు. పోస్తుంటే సగం కింద పడ్డాయి. "సక్కగ పట్టు, కింద వడ్తున్నయ్" అని తమ్ముడిని కసిరాడు. "నువ్వు సక్కగ పొయ్యి" అన్నాడు మామ. అక్కడితో ఇద్దరూ ఏడ్చేశారు. నవ్వుతారనుకున్న నలుగురిలో ఒక్కరికీ నవ్వు రాలేదు. అంతలో అవ్వ, "అల్లుడేడి?" అని అడిగింది. ఒడిబియ్యం పోసినప్పుడు అల్లుడికీ బట్టలు పెట్టాలి. వైండింగ్ మామ లోపలికి వచ్చి, అవ్వ ముందు కూర్చుని, ఆమె పెట్టిన షర్టు గుడ్డ కళ్లకద్దుకున్నాడు. ఆ తర్వాత ఇద్దరికీ లోపల, పొయ్యి దగ్గర, అవ్వ పక్కన పీటలు వేసి అన్నం పెట్టారు.

వెళ్లేటప్పుడు అన్న కొడుకు కారులో దింపుతానన్నాడు. మామ ఒప్పుకోలేదు, చెల్లెళ్లు బస్సులో పోతున్నారు కాబట్టి తనూ బస్సులోనే పోతానన్నాడు. బియ్యం సంచిలో పోసుకోమంటే అదీ వినలేదు. ఒడిబియ్యం దారిలో దించకూడదట, ఇంటికి చేరాకే దించాలట. కండువాను నడుముకు కట్టుకుని, బియ్యం మూట రెండు చేతులా పొట్టకు పట్టుకుని ఆర్మూర్ బస్సు ఎక్కాడు. ఆడవాళ్లకు టికెట్ లేకుండా అయినప్పటి నుంచి మా బస్సుల్లో మగవాళ్లకు నిలబడే చోటే దొరకదు. వైండింగ్ మామ పైన కడ్డీ పట్టుకుని, రెండో చేత్తో మామ జబ్బ పట్టుకుని నిలబడ్డాడు. బస్సు కుదుపుకు కండువాలోంచి రెండు పచ్చటి గింజలు జారి ఆడవాళ్ల సీట్లో కూర్చున్న ఒక ముసలావిడ ఒళ్లో పడ్డాయి.

ఆమె గింజలు చేతిలోకి తీసుకుని చూసింది. మామ ఒడిని చూసింది, మీసాన్ని చూసింది, మళ్లీ ఒడిని చూసింది. ఒక్క మాట అడగకుండా మోకాళ్లు పట్టుకుని లేచింది. "ఒడిల బియ్యమున్నయ్. నిలవడొద్దు, కూసో బిడ్డా" అంది. మామ వద్దంటే భుజం పట్టుకుని కూర్చోబెట్టింది. పక్క సీటు అమ్మాయి జరిగి ముసలావిడకూ చోటు చేసింది. ముగ్గురూ ఇరుక్కుని కూర్చున్నారు. కాసేపటికి ముసలావిడ ఆ రెండు గింజల్నీ మామ కండువాలో వేసి, ఒడిబియ్యం పోసుకుని వచ్చే ఏ బిడ్డనైనా అడిగేదే అడిగింది.

"నిన్ను ఏ ఊరికిచ్చిండ్రు బిడ్డా?"

మామ తలెత్తి, కడ్డీ పట్టుకుని నిలబడ్డ మనిషిని చూశాడు.

"దగ్గర్నే ఇచ్చిండ్రవ్వా" అన్నాడు. "ఆర్మూర్‌కి."